కమాండ్ ప్రాంప్ట్‌లో అవుట్‌పుట్‌ని వేరియబుల్‌లోకి తెచ్చుకోవాలంటే ఇంత తిప్పలా?

లినక్స్ వాళ్లకి ఇది అసలు సమస్యే కాదు. డాలర్ గుర్తు పెట్టి బ్రాకెట్లలో కమాండ్ రాస్తే చాలు, దాని అవుట్‌పుట్ వేరియబుల్‌లోకి (విలువని పేరు పెట్టి దాచుకునే చోటులోకి) వచ్చేస్తుంది, చివర్లో మిగిలే న్యూలైన్లని కూడా షెల్లే (కమాండ్లు నడిపే ప్రోగ్రామే) తీసేస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ సదుపాయం లేదు. పైపు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి పంపే | గుర్తు) పెట్టి, ఒక లైన్ చదివి వేరియబుల్‌లో పెట్టే 'సెట్ /పి'కి పంపిద్దాం అనిపిస్తుంది గానీ పని చేయదు, ఎందుకంటే పైపుకి అటూ ఇటూ ఉన్నవి వేరే ప్రాసెస్‌లలో నడుస్తాయి, కుడివైపుది విలువని తన ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టుకుని, పనైపోగానే దాంతో సహా మాయమైపోతుంది. మీ విండోకి ఏమీ రాదు.

మిగిలింది 'ఫర్ /ఎఫ్' అనే కమాండ్. బిల్డ్‌కి గిట్ కమిట్ నంబర్ (కోడ్ మార్పులని దాచిపెట్టే గిట్ ఒక్కో మార్పుకి ఇచ్చే గుర్తు) తగిలించాలనుకోండి, బ్యాచ్ ఫైల్‌లో, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టే ఫైల్‌లో, ఇలా రాస్తాం (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే):

ఫర్ /ఎఫ్ "డెలిమ్స్=" %%ఏ ఇన్ ('గిట్ రెవ్-పార్స్ --షార్ట్ హెడ్') డూ సెట్ "వెర్షన్=%%ఏ"

నేరుగా ప్రాంప్ట్‌లో టైప్ చేస్తే ఒక్కో చోట ఒక్క శాతం గుర్తు చాలు.

చాలామంది ఈ లైన్‌ని ఎక్కడినుంచో కాపీ చేసి పెట్టేసుకుంటారు, ఇది లూప్ అన్న సంగతి పట్టించుకోరు. అవుట్‌పుట్‌లో వచ్చే ప్రతి లైన్‌కీ 'డూ' తర్వాతది ఒకసారి నడుస్తుంది, అంతే. పది లైన్లు వస్తే వేరియబుల్‌లో మిగిలేది చివరిది. ఖాళీ లైన్లని దాటేస్తుంది, సెమీకోలన్‌తో మొదలయ్యే లైన్లనీ దాటేస్తుంది. "డెలిమ్స్=" పెట్టకపోతే స్పేస్ దగ్గరే ఆగిపోయి మొదటి ముక్క మాత్రమే ఇస్తుంది.

అసలు ప్రమాదం ఒక్క లైన్ కూడా రానప్పుడు. గిట్ రిపాజిటరీ కాని ఫోల్డర్‌లో పై కమాండ్ నడిపితే గిట్ తన ఫిర్యాదుని ఎర్రర్ స్ట్రీమ్‌లో రాస్తుంది, లూప్ చూసేది మామూలు అవుట్‌పుట్‌ని మాత్రమే కాబట్టి లోపలిది ఒక్కసారీ నడవదు. అప్పుడు వేరియబుల్ ఖాళీ అవుతుందా అంటే, కాదు! అదే విండోలో ఇంతకుముందు నడిపినప్పుడు పడిన పాత విలువ అలాగే కూర్చుని ఉంటుంది, కొత్త బిల్డ్‌కి పాత కమిట్ నంబర్ అతుక్కుంటుంది, ఎవరికీ ఎర్రర్ కనపడదు. గిట్ ఇచ్చిన ఎర్రర్ కోడ్ కూడా బయటికి రాదు, కాబట్టి 'ఎర్రర్‌లెవెల్' చూసి లాభం లేదు. అందుకే పై లైన్‌కి ముందు సెట్ "వెర్షన్=" అని తుడిచేసి, తర్వాత 'ఇఫ్ నాట్ డిఫైన్డ్ వెర్షన్' అని చూసుకోవాలి. ఈ రెండూ లేని స్క్రిప్ట్‌ని నేను నమ్మను.

లోపలి కమాండ్‌లో పైపు కావాలంటే దాని ముందు ^ పెట్టాలి, '>' ముందు కూడా అంతే. ఇక ఇదంతా ఒక 'ఇఫ్' బ్రాకెట్ల మధ్య రాసి అక్కడే %వెర్షన్% వాడితే పాత విలువే వస్తుంది, ఎందుకంటే బ్రాకెట్ల మధ్య ఉన్నదంతా నడవకముందే చదివి విలువలు నింపేస్తుంది. దానికి డిలేయ్డ్ ఎక్స్‌పాన్షన్ (విలువని ఆ లైన్ నడిచేటప్పుడే నింపే పద్ధతి) ఆన్ చేసి !వెర్షన్! అని రాయాలి. అది ఆన్‌లో ఉండగా %%ఏ విలువలో ఆశ్చర్యార్థకం ఉంటే దాన్ని మింగేస్తుంది, అది ఇంకో తలనొప్పి.

మొదటి లైన్ ఒక్కటే చాలనుకుంటే అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి పంపి, 'సెట్ /పి వెర్షన్=' పక్కన < పెట్టి ఆ ఫైల్ పేరు ఇవ్వండి. ఇక్కడ పైపు లేదు కాబట్టి విలువ మీ విండోలోనే ఉంటుంది. చూడ్డానికి మోటుగా ఉన్నా చదివేవాడికి అర్థమవుతుంది.

కొత్తగా రాసేదైతే విండోస్‌లోనే ఉండే ఇంకో షెల్, పవర్‌షెల్‌లో రాయడమే మేలు, అక్కడ వేరియబుల్ పేరు, ఈక్వల్స్, కమాండ్, అంతే. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఎక్కువ లైన్లు వస్తే అర్రే (లైన్ల జాబితా) ఇస్తుంది, ఒక్క లైనే వస్తే ఉత్త స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇస్తుంది. మొదటి లైన్ కోసం [0] పెట్టారంటే, ఒకే లైన్ వచ్చిన రోజున దాని మొదటి అక్షరం చేతికొస్తుంది. కమాండ్‌ని @( ) మధ్యలో పెడితే ఎప్పుడూ అర్రేనే వస్తుంది.