త్యాగరాజస్వామి ఎన్‌ఓసీ కావాలట!

మా అత్తయ్యగారి వీణ వీడియో నిన్న సాయంత్రం మళ్ళీ యూట్యూబ్‌లో ప్రత్యక్షమైంది. ఛానల్ మీద పడ్డ కాపీరైట్ స్ట్రైక్ కూడా పోయింది. నా కోపం మాత్రం ఇంకా పోలేదు. అది చల్లారేలోపే రాసేస్తున్నాను.

అత్తయ్యగారు నల్లకుంటలో ఇంటి దగ్గరే వీణ నేర్పుతారు. కరోనా రోజుల్లో క్లాసులు ఫోన్లోకి మారినప్పుడు పిల్లలు విని సాధన చేసుకుంటారని నేనే ఒక ఛానల్ తెరిచాను. దానికున్న సబ్‌స్క్రైబర్లలో సగం మంది శిష్యులు, మిగతా సగం వాళ్ళ అమ్మలు. డబ్బు కోసం పెట్టింది కాదు, మేం యాడ్లు కూడా పెట్టుకోలేదు. ముందు గదిలో చాప, కిటికీ పక్కన ఆవిడ, స్టూలు మీద పుస్తకాల దొంతరకి ఆనించిన నా ఫోను. మా స్టూడియో అంతే.

త్యాగరాజ ఆరాధన ఉత్సవాల రోజుల్లో ఆయన కీర్తన ఒకటి వాయించి పెట్టాం. కాసేపటికే మెయిల్ వచ్చింది: ఈ వీడియోలో ఫలానా మ్యూజిక్ కంపెనీకి చెందిన సంగీతం ఉంది, దీని మీద వచ్చే యాడ్ల ఆదాయం వాళ్ళకు వెళ్తుంది అని. యాడ్లు వద్దనుకున్న మా వీడియోకి యాడ్లు వచ్చాయి, వాటి డబ్బులు ఎవరికో పోతున్నాయి.

తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది హడలిపోతారు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ 2007 నుంచి ఉంది. కంపెనీలు తమ రికార్డింగులను అందులో ఇస్తాయి, ఎవరు ఏం అప్‌లోడ్ చేసినా అది వాటితో పోల్చి చూస్తుంది. పోలిక కనబడితే వీడియోను ఆపేయాలా, యాడ్ల డబ్బు తీసుకోవాలా, ఊరికే లెక్కలు చూసుకోవాలా అన్నది కంపెనీ ఇష్టం. ఇది క్లెయిమ్. దీనివల్ల ఛానల్‌కి మచ్చ ఉండదు. చట్టప్రకారం కంపెనీ తొలగింపు నోటీసు ఇస్తే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే ఎగిరిపోతుంది.

డిస్ప్యూట్, అంటే ఈ క్లెయిమ్ తప్పని అభ్యంతరం, వేయడం తేలిక. ఫారం నింపాను, త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారని రాశాను, పంపాను. జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజుల గడువుంటుంది. గడువు చివరిదాకా లాగి, క్లెయిమ్ సరైనదే అని కొట్టేశారు. కారణం ఒక్క ముక్క లేదు. నేను ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం చేస్తాను. ఎవరి క్లెయిమ్ తిప్పి పంపినా ఎందుకో రాసి సంతకం పెట్టాల్సిందే, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అది నేర్పుతారు. ఈ లోకంలో ఆ బాధ లేదని అప్పుడే తెలిసింది.

తర్వాత అప్పీలు. ఇది కొంచెం గట్టి మెట్టు, ఎందుకంటే ఇందులో మన పేరు, అడ్రసు, ఫోను ఇవ్వాలి, అవి కంపెనీకి వెళ్తాయి. అప్పీలు మాత్రం బ్రహ్మాండంగా రాశానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. రెండో నిమిషం దాటాక పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తుందనీ, చివర్లో పాత పేపర్లు కొనేవాడి కేక ఉందనీ, ఆ రెండూ మీ స్టూడియో రికార్డింగులో కూడా ఉన్నాయేమో చూసుకోండనీ రాశాను. అత్తయ్యగారు ఇంకో పాయింటు చెప్పారు: "అనుపల్లవి ఎత్తుగడలో నేను రెండు సంగతులే వేస్తానమ్మా. వాళ్ళ రికార్డింగులో నాలుగున్నాయి. పైగా వాళ్ళది వీణ కూడా కాదు, వేణువు." అనుపల్లవి అంటే పల్లవి తర్వాతి భాగం, సంగతులంటే ఒకే లైనును మార్చి మార్చి వాయించే తీరులు. అదీ రాశాను.

అప్పీలుకు వాళ్ళు 7 రోజుల్లో తేల్చాలి. ఆ వారంలోనే ఫోను వచ్చింది.

ఆదివారం పొద్దున. ముందు గదిలో క్లాసు నడుస్తోంది, అయిదారుగురు పిల్లలు, గుమ్మం దగ్గర ఇద్దరు తల్లులు. ఎవరో కుర్రాడు, హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడుతున్నాడు. కంపెనీ కాపీరైట్ టీమ్ అన్నాడు. నేను లోపలికి వెళ్ళబోతే అత్తయ్యగారు, "నా వాయిద్యం గురించేగా, స్పీకర్ పెట్టు" అన్నారు. పెట్టాను.

"మేడమ్, కంపోజర్ దగ్గర్నుంచి ఎన్‌ఓసీ పంపండి, క్లియర్ చేసేస్తాం."

ఎన్‌ఓసీ అంటే నాకు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం. నేను విన్నది నిజమేనా అని మళ్ళీ అడిగాను. నిజమే. కంపోజర్ త్యాగరాజు అని మీరే రాశారు కదా, ఆయన దగ్గర్నుంచి లెటర్ తెండి అంటున్నాడు. ఆయన పోయి నూట డెబ్బై ఏళ్ళు దాటిందండీ అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "అయితే లీగల్ హెయిర్స్ ఎన్‌ఓసీ. దాంతోపాటు డెత్ సర్టిఫికెట్" అన్నాడు.

పిల్లల్లో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. అత్తయ్యగారు నవ్వలేదు. "తిరువయ్యారులో కావేరి ఒడ్డున సమాధి ఉంది నాయనా, ఫోటో ఉంది, పంపమంటావా?" అని తెలుగులో నిజంగానే అడిగారు. అతనికి అర్థం కాలేదు. నేను ఇంగ్లీషులో చెబితే, ఫోటో చెల్లదు మేడమ్, గవర్నమెంట్ డాక్యుమెంట్ ఉండాలన్నాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత, కుక్కర్ విజిల్ సంగతి, సంగతుల లెక్క అన్నీ నేను గుర్తుచేస్తుంటే మధ్యలో ఆపి అన్నాడు: "చూడండి, మా దగ్గరికి ఇలాంటివి చాలా వస్తాయి. ఆంటీ గారు ట్రాక్ పెట్టుకుని దాని మీద వేళ్ళు ఆడించి ఉంటారు. ఇంటి చప్పుళ్ళు తర్వాత కలిపి ఉంటారు. మేం ఏమీ అనం, చిన్న లైసెన్స్ ఫీజు కట్టేయండి."

హిందీ రాని పిల్లలకు కూడా "ట్రాక్" అన్న మాట, ఆంటీ అన్న మాట అర్థమయ్యాయి. గుమ్మం దగ్గర తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిదో ఏట మీటు వేయడం మొదలుపెట్టి, ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున సాధన చేసే మనిషిని, ఎడమచేతి వేళ్ళ మీద తీగ కోసిన గీతలు కాయలు కాచిన మనిషిని, ఆవిడ శిష్యుల ముందే దొంగ అన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. ఒక్క మాట అనలేదు. వీణ ఒళ్ళోకి లాక్కుని, నా ఫోను తీసి దాని పక్కన పెట్టుకుని, అదే కీర్తన పల్లవి నుంచి అందుకున్నారు. అనుపల్లవి దాకా వచ్చాక చూస్తే ఫోను కట్టయి ఉంది. ఎక్కడ పెట్టేశాడో తెలియదు. ఆవిడ చరణం కూడా పూర్తిచేసి, "ఏమర్రా, సరళీ వరసలు అందుకోండి" అన్నారు పిల్లలతో. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. నాకు ఈ గొడవ మొత్తంలో మింగుడుపడనిది ఇదే.

రెండు రోజులకు అప్పీలు కూడా కొట్టేసి తొలగింపు నోటీసు ఇచ్చారు. వీడియో పోయింది, స్ట్రైక్ పడింది.

అప్పుడు హిమాయత్‌నగర్‌లో ఉండే మా బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన వకీలు, మనిషి చిరాకు, విషయం మాత్రం స్పష్టంగా చెబుతాడు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచనకైనా, సంగీతానికైనా కర్త బతికినన్నాళ్ళూ, ఆయన పోయాక మరో 60 ఏళ్ళూ హక్కుంటుంది. త్యాగరాజ కీర్తనకు ఏ లెక్కన చూసినా హక్కుదారు లేడు. రికార్డింగు మీద మాత్రం విడిగా 60 ఏళ్ళ హక్కుంటుంది. కంపెనీది ఆ రికార్డింగు వరకే, కీర్తన కాదు. "అంతేకాదమ్మాయ్, మీ అత్తగారి వాయింపు మీద ఆవిడకే ప్రదర్శకురాలి హక్కుంది, 50 ఏళ్ళు. నీ ఫోనుతో తీసిన రికార్డింగు హక్కు మీది. వాళ్ళే మిమ్మల్ని అనుమతి అడగాల్సింది పోయి, మిమ్మల్ని అనుమతి కాగితం తెమ్మంటున్నారు." ఆధారం లేకుండా కేసు పెడతామని బెదిరిస్తే 60వ సెక్షన్ కింద మనమే కోర్టుకెళ్ళొచ్చని కూడా చెప్పాడు. ఆ సెక్షన్ విన్నాక నాకు ఆకలేసింది.

హైదరాబాద్‌లో చెరువుల చుట్టూ రాత్రికి రాత్రి కంచె వేసి, ఇది ఫలానావారి స్థలం అని బోర్డు పాతేస్తారే, ఇదీ అదే. ఊరుమ్మడిది కాబట్టి నాది అనేవాడు ఉండడు, అందుకే మొదట బోర్డు పెట్టినవాడిదే రాజ్యం. బోర్డు పెట్టినవాడిని కాగితం అడిగే దిక్కులేదు, నీళ్ళు ముంచుకోవడానికి వెళ్ళినవాడు మాత్రం పట్టా చూపించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాతది కదా అని అన్నిటికీ ఇదే వర్తించదు. అన్నమయ్య 1503లో పోయారు, సాహిత్యం అందరిదీ. కానీ రాగిరేకుల్లో ఉన్నది సాహిత్యం, పైన రాగం పేరు. మనం పాడుకునే వరసల్లో చాలా వరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు, అంటే ఆయన కట్టిన వరసల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. అలాంటివి వాయించి "ఇది పాత సంకీర్తన" అని వాదిస్తే నిలవదు. అత్తయ్యగారు ఇది విని తన జాబితాలోంచి రెండు పాటలు తీసేయించారు.

ఇక కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఈ తొలగింపు తప్పు, వీడియో తిరిగి పెట్టండి అని యూట్యూబ్‌కి ఇచ్చే జవాబు నోటీసు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఆ ఫారం అమెరికా వాళ్ళ 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం ఉంటుంది. అబద్ధమైతే శిక్షకు లోబడతాను అని రాయాలి, మనం ఇండియాలో ఉన్నా యూట్యూబ్ ఉన్న చోటి అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నాను అని రాయాలి. మా ఆయన ఆ వాక్యం చదివి, "అమ్మని కాలిఫోర్నియా కోర్టుకి పిలుస్తారేమో, వదిలెయ్యి" అన్నారు. అత్తయ్యగారు మాత్రం, "పిలవనీ, వీణ పట్టుకుని వెళ్తాను" అని ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పి టైప్ చేయించారు. ఎందుకంటే అక్కడ అసలు పేరే ఉండాలి, ఛానల్ పేరు కుదరదు.

అది పంపాక బంతి వాళ్ళ కోర్టులో పడుతుంది. అమెరికా పనిదినాల లెక్కన 10 రోజుల్లో కోర్టుకెళ్ళినట్టు వాళ్ళు ఆధారం చూపించాలి. చూపించకపోతే వీడియో తిరిగొస్తుంది. కిసుక్కుమనిపించే సర్టిఫికెట్లు అడిగినవాళ్ళు ఒక్క కాగితం పెట్టలేదు. గడువు అయిపోయింది, వీడియో వచ్చింది.

మధ్యలో ఒక ఏజెంటు గురించి చెప్పకపోతే నా కోపం తీరదు. మా వదినకు తెలిసినవాడని అమీర్‌పేటలో ఒకాయన్ని కలిశాను. వీడియోలన్నీ కాపీరైట్ రిజిస్టర్ చేయిస్తే ఈ బాధ ఉండదని, ఒక్కోదానికి పదిహేను వేలని చెప్పాడు. ఒట్టి ఆడియో రికార్డింగుకైతే ప్రభుత్వ రుసుము రెండు వేలు. ఆన్‌లైన్‌లో మనమే కట్టి ఢిల్లీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, డైరీ నంబరు వస్తుంది, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు. అసలు రిజిస్ట్రేషన్ తప్పనిసరే కాదు. రికార్డు చేసిన క్షణమే హక్కు పుడుతుంది. సర్టిఫికెట్ కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుంది తప్ప క్లెయిమ్ రాకుండా అడ్డుపడదు. అలాంటివాళ్ళకు కాఫీ కూడా ఇప్పించకండి.

నా సలహా అడిగితే, క్లెయిమ్ వచ్చిన రోజే వీడియో ఒరిజినల్ ఫైలు ఫోన్లోంచి తీసి దాచుకోండి. డబ్బు వచ్చే ఛానల్ అయితే 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేయండి, అప్పుడు ఆ ఆదాయాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. ఫోన్ వస్తే మాట్లాడకండి, మెయిల్ చేయమనండి. స్పీకర్ అసలే పెట్టకండి.

ఇవాళ పొద్దున అదే కంపెనీ నుంచి ఇంకో క్లెయిమ్ వచ్చింది, ఈసారి ముత్తుస్వామి దీక్షితుల కృతి మీద. ఆయన పోయింది 1835లో. డిస్ప్యూట్ వేశాను, మొదటి లైన్లోనే 60వ సెక్షన్ పేరు రాశాను. దీక్షితులవారి డెత్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని అత్తయ్యగారు వంటింట్లోంచి అడుగుతున్నారు.