కూలర్ ట్యాంకులో నీళ్లు: వాసన నుంచి బయటపడిన నా అనుభవం

మా ఇంట్లో ఎయిర్ కూలర్ అమ్మ గదిలో ఉంటుంది. అమ్మకు ఆయాసం ఉంది కాబట్టి గాలిలో ఏ కాస్త తేడా వచ్చినా ముందు తనకే తెలిసిపోతుంది. మంచి ఎండల్లో ఒకరోజు "ఒరేయ్, దీని గాలి ముక్క వాసనొస్తోందిరా, గొంతులో గరగరలాడుతోంది, కట్టెయ్" అంది. ఎవర్ని అడిగినా ప్యాడ్లు మార్చమనే చెప్పారు. కానీ ఆ ప్యాడ్లు ఆ వేసవికే వేయించినవి. వాటికే ఆ గతి పట్టిందంటే మళ్లీ కొత్తవి వేసినా అంతే కదా. డబ్బు పెట్టేముందు అసలు కారణమేంటో తేల్చుకుందామనుకున్నాను.

ముందు ఫ్యాన్ ఆపి పంపు ఒక్కటే వేసి బయట నుంచి చూశాను. ప్యాడ్ మీద నీళ్లు అంతటా పారడం లేదు. మధ్యలో నిలువునా పొడి చారలు కనిపించాయి. అంటే ఆ చారల దగ్గర బయటి వేడిగాలి చల్లబడకుండానే లోపలికి వచ్చేస్తోంది. తర్వాత ప్లగ్ పీకేసి వెనక తలుపులు విప్పాను. పైకి నీళ్లు తేటగానే ఉన్నాయి. ట్యాంకు గోడ మీద వేలితో రాస్తే మాత్రం రంగులేని పల్చటి జిగురు తగిలింది. అడుగున మెత్తటి బురద, పంపు జాలీకి చుట్టుకున్న వెంట్రుకలు, నూగు. ప్యాడ్ అంచుల్లో గోకితే రాలే తెల్లటి పెచ్చు. వీటన్నిటినీ కలిపి మనం "నీళ్లు పాడయ్యాయి" అనేస్తాం. నిజానికి ఆ జిగురు వేరు, ఆ పెచ్చు వేరు, ఆ బురద వేరు. ఒక్కోటి వచ్చే దారి వేరు, పోగొట్టే పద్ధతీ వేరే.

తెల్ల పెచ్చు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ అక్కడినుంచే అర్థమయ్యాయి. కూలర్ చేసే పనల్లా నీటిని ఆవిరి చేసి ఆ వేడిని గాలిలోంచి లాక్కోవడం. ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు, అన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. ఉప్పుమడిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే మనం పైనుంచి నింపుతూనే ఉంటాం కాబట్టి కంటికి కనపడదు. లెక్క వేసి చూడండి. లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు 40 లీటర్లు పోస్తే ట్యాంకులో 16 గ్రాములు చేరతాయి. ఆ 40 లీటర్లూ ఆవిరై, మళ్లీ 40 నింపితే 32 గ్రాములు. ఇంకోసారి నింపితే 48. అంటే మూడోసారి నింపేటప్పటికి మనం పోసింది లీటరుకు 400 మిల్లీగ్రాములున్న నీళ్లే అయినా ప్యాడ్ మీద పారేది 1200 ఉన్న నీళ్లు. ఎండలు ముదిరాక ఇలా మూడుసార్లు నిండటానికి ఎన్నో రోజులు పట్టదు.

నా దగ్గర పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ఉంది, నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపిస్తుంది. కొళాయి నీళ్లలో పెడితే 400 దరిదాపుల్లో చూపించింది. ట్యాంకులో పెడితే 1500 దాటింది. అది కూడా అసలు లెక్కకన్నా తక్కువే అయివుంటుంది. ప్యాడ్ మీద పల్చగా పారుతున్నప్పుడు నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, దాంతో కరిగి ఉన్న బైకార్బొనేట్ కాస్తా సున్నపు పెచ్చుగా మారి అక్కడే అతుక్కుంటుంది. అలా అతుక్కున్నది మీటరుకు అందదు. పై నుంచి నీళ్లు జారవిడిచే గొట్టం రంధ్రాలు పూడుకుపోయింది ఈ పెచ్చుతోనే. నేను చూసిన పొడి చారలకు కారణం అదే.

కాబట్టి పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోసినంత మాత్రాన ట్యాంకు బాగుపడదు. కొంత పారబొయ్యాలి. పెద్ద కూలింగ్ ప్లాంట్లలో కూడా ఇదే చేస్తారు, ఆవిరయ్యే నీళ్లకు తగ్గట్టు కొంత నీటిని వదిలేస్తుంటారు. ఎంత వదలాలో తేలిగ్గానే తెలుస్తుంది. ఆవిరైనంత నీటినే పారబోస్తూ పోతే లవణాలు కొళాయి నీటికి రెట్టింపు దగ్గర ఆగిపోతాయి. మూడు లీటర్లు ఆవిరైతే ఒక లీటరు పారబోస్తే నాలుగు రెట్ల దగ్గర ఆగుతాయి. అసలు పారబోయకపోతే ఎక్కడా ఆగవు. మా నీళ్లకు రెట్టింపు, మహా అయితే మూడు రెట్లు దాటకుండా చూసుకోవాలని పెట్టుకున్నాను. దానికి నేను పాటించే పద్ధతి ఇది. రాత్రంతా నడిచి పొద్దునకు ట్యాంకు అడుగంటే సమయానికి కొత్తవి నింపకుండా, ఆ మిగిలిన కాసిని నీళ్లనూ డ్రెయిన్ బిరడా తీసి వదిలేస్తాను. లవణమంతా చిక్కబడి ఉండేది ఆ అడుగు నీళ్లలోనే కాబట్టి, తక్కువ నీళ్లు పారబోసి ఎక్కువ లవణం వదిలించుకోవచ్చు. ఆ నీళ్లు బాత్రూమ్‌లో పోయడానికి పనికొస్తాయి. కుండీల్లో మొక్కలకు మాత్రం పోయను, ఆ ఉప్పదనం వేళ్లకు మంచిది కాదు.

ఇదే లెక్కన ఆర్ఓ ఫిల్టరు బయటకు వదిలే నీళ్లను కూలర్‌లో పోయడం మానేయడం మంచిది. నీళ్లు వృథా కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆర్ఓ వదిలేది ముందే చిక్కబడ్డ నీరు. దాంతో ట్యాంకులో లవణాలు ఇంకా త్వరగా పేరుకుంటాయి.

ఇక జిగురు. అది బ్యాక్టీరియా, బూజు కలిసి కట్టుకునే పొర. కూలర్ గాలిని చల్లబరచడమే కాదు, కడుగుతుంది కూడా. గాలిలోని దుమ్ము, పుప్పొడి తడి ప్యాడ్‌కు అంటుకుని నీళ్లతోపాటు ట్యాంకులోకి దిగుతాయి. ఆ బురదే ఈ పొరకు ఆహారం. దానికి ఎండ కూడా తోడైతే నాచు పడుతుంది. అమ్మ చెప్పిన ముక్క వాసన ఎక్కువగా ప్యాడ్లోంచే వస్తోంది. కూలర్ కట్టేశాక ప్యాడ్ గంటల తరబడి తడిగా, గాలి తగలకుండా ఉండిపోతుంది, బూజుకు అంతకన్నా ఏం కావాలి? అందుకని ఆపేముందు పంపు ఒక్కటే కట్టేసి, ఫ్యాన్‌ను ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు తిప్పడం అలవాటు చేశాం. ప్యాడ్ ముట్టుకుంటే పొడిగా తగిలేదాకా. నేను చేసినవాటన్నిట్లో వాసనను బాగా తగ్గించింది ఇదే. ఖర్చు లేదు, కష్టం లేదు. కిటికీ కొంచెం తెరిచి ఉంచడం కూడా తప్పనిసరి. గదిలో తేమ పేరుకుపోతే ప్యాడ్ ఆరదు, చల్లదనమూ రాదు.

పేరుకుపోయినదాన్ని వదిలించడానికి మాత్రం ఒక పూట పట్టింది. నీళ్లన్నీ వదిలేసి, ప్యాడ్లు, పంపు బయటకు తీశాను. ట్యాంకును గిన్నెలు తోమే సబ్బుతో మెత్తటి బ్రష్‌తో రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా కడిగాను. సబ్బు మిగిలితే పంపు నురగ కక్కుతుంది. పెచ్చు సబ్బుకు లొంగదు, దానికి పులుపు కావాలి. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, అందులో తడిపిన గుడ్డను పెచ్చు మీద కప్పి ఉంచాను. కాసేపటికి సన్నగా బుడగలు వచ్చాయి, అది సున్నం కరుగుతున్న గుర్తు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కూడా ఇలాగే పనిచేస్తాయి. తర్వాత స్పూన్ వెనక భాగంతో తోస్తే చాలావరకు ఊడి వచ్చింది. పంపు జాలీ తీసి, లోపల తిరిగే చిన్న చక్రాన్ని కూడా శుభ్రం చేశాను. పై గొట్టం రంధ్రాలను పుల్లతో ఒక్కొక్కటీ పొడిచాను. ఈ పనికే ఎక్కువసేపు పట్టింది, కానీ మళ్లీ బిగించాక పొడి చారలు పోయి ప్యాడ్ నిండా నీళ్లు పారుతుంటే ఎంత తృప్తిగా ఉందో.

హనీకోంబ్ ప్యాడ్లతో జాగ్రత్తగా ఉండాలి. అవి రసాయనంతో గట్టిపరచిన కాగితం. పైపుతో జోరుగా కొడితేనో గట్టి బ్రష్‌తో రుద్దితేనో పొరలు విడిపోతాయి. సన్నటి ధారతో పైనుంచి కిందికి పారించి, నిలబెట్టి ఆరనివ్వాలి. గడ్డి ప్యాడ్లయితే కడగటంలో పెద్ద అర్థం లేదు, నల్లబడి ముద్దకట్టాయంటే మార్చేయడమే.

చివర్లో ఖాళీ ట్యాంకుకు బ్లీచ్ పెట్టాను. ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ లీటరు నీటికి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున కలిపి, గోడలకు పట్టించి, కొన్ని నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వెనిగర్, నిమ్మ ఉప్పు లాంటి పులుపు పదార్థాలను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది. నడుస్తున్న కూలర్‌లో బ్లీచ్ పోయడమూ వద్దు. ఆ వాసన ఫ్యాన్ నేరుగా ముఖానికి కొడుతుంది, కాగితపు ప్యాడ్లు కూడా త్వరగా చివికిపోతాయి. ఫినాయిల్, అత్తరు లాంటివి పోయమని చెప్పినవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. అవి వాసనను కప్పుతాయే తప్ప జిగురును తియ్యవు. పైగా నీళ్లలో వేసిన ప్రతిదీ ఆయాసం ఉన్న మనిషి పీల్చే గాలిలోకే వస్తుంది. ఐసు గడ్డల గురించి కూడా అడుగుతుంటారు. కిలో ఐసు కరిగితే లాక్కునే వేడి సుమారు 334 కిలోజౌళ్లు, లీటరు నీరు ఆవిరైతే లాక్కునేది 2400 పైనే. ఐసు తేవడానికి పడే శ్రమ ప్యాడ్ శుభ్రం చేయడానికి పెడితే ఎక్కువ లాభం.

ఇవన్నీ చదువుతున్న రోజుల్లోనే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి తెలిసి టెన్షన్ పడ్డాను. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్లలో చాలామందికి న్యుమోనియా సోకి, కొందరు చనిపోయాకే ఇది వెలుగులోకి వచ్చింది. పెద్ద భవనాల కూలింగ్ టవర్లు నీటిని సన్నటి తుంపరలుగా ఎగజిమ్ముతాయి, ఈ బ్యాక్టీరియా ఆ తుంపరలతోపాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. గది కూలర్ తీరు వేరు. ప్యాడ్ సరిగ్గా ఉంటే అది వదిలేది ఆవిరే కానీ తుంపర కాదు. పైగా నడుస్తున్నప్పుడు ట్యాంకు నీళ్లు చల్లగా ఉంటాయి. ఆ బ్యాక్టీరియా పెరిగేది సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, అదీ గోరువెచ్చటి నీళ్లలో బాగా. అంటే అసలు భయపడాల్సింది కట్టేసి రోజుల తరబడి ఎండలో వదిలేసిన కూలర్‌కు. అలాంటిదాన్ని మళ్లీ వేసేముందు పాత నీళ్లు పారబోసి, రుద్ది కడిగి తీరాలి. గాలితోపాటు చినుకులు ముఖాన పడుతున్నా కూలర్ ఆపి ప్యాడ్ సరిచేసుకోవాలి. ముసలివాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ఉన్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దోమల సంగతీ ఇంతే, నిలవ నీళ్లతోనే వస్తుంది. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లను నీళ్లలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటించి పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు గోడకే అతుక్కుని నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి పారబోయడంతో సరిపోదు, గోడలు రుద్దాలి. మేం వారానికోసారి రుద్దుతాం. నీటి గీత పడే చోట కాస్త గట్టిగా.

ఎండలు తగ్గాక చేసే పని చిన్నదే కానీ వచ్చే వేసవి దాని మీదే ఆధారపడి ఉంటుంది. ట్యాంకు, పంపు కడిగి, ప్యాడ్లు పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ తిప్పుతాను. గుడ్డ కప్పుతాను కానీ ప్లాస్టిక్ చుట్టను, లోపల ఏ కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది. డ్రెయిన్ బిరడా మాత్రం పెట్టను. లోపలికి ఎలా చేరినా ఒక్క చుక్క నిలవకుండా పోవాలి. ఆ బిరడాను చిన్న సంచిలో వేసి పంపు తీగకే కట్టేస్తాను, మళ్లీ కూలర్ బయటకు తీసినప్పుడు వెతుక్కోకుండా.