లైసియమ్‌లో లయన్ కింగ్: ఏ సీటు నుంచి ఏం కనిపిస్తుంది

లండన్ లైసియమ్ థియేటర్‌లో ‘ది లయన్ కింగ్’ సంగీత నాటకం చూడబోయేవాళ్లు టికెట్ ధర కంటే ముందు సీట్ల పటం చూసుకోవాలి. స్టాల్స్‌లో, అంటే కింది అంతస్తులో, సీట్ల మధ్య నుంచి వేదిక దాకా వెళ్లే దారులు ఎక్కడున్నాయి, పై అంతస్తు అంచు ఏ వరుస నుంచి నెత్తి మీదికి వస్తుంది అన్న రెండు సంగతులు తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి. ఈ ఆటలో జంతువులు వేదిక మీదికి పక్కల నుంచే కాదు, జనం మధ్యలోంచి కూడా వస్తాయి. పక్షులేమో పైన ఎగురుతాయి. దారి పక్కన కూర్చుంటే ఏనుగు చెవి మీ భుజం పక్కనుంచే పోతుంది. స్టాల్స్ వెనక వరుసల్లో కూర్చుంటే పై అంతస్తు అడ్డొచ్చి పక్షులు సగమే కనిపిస్తాయి.

మేం స్టాల్స్‌లో దారి పక్కన, పై అంతస్తు అడ్డురాని వరుసల్లో తీసుకున్నాం. మళ్లీ వెళ్తే దాని పై అంతస్తు రాయల్ సర్కిల్ ముందు వరుసల మధ్యలో కూర్చోవాలని ఉంది. నృత్యాల అమరిక, నేల మీద పడే వెలుగు అక్కడి నుంచి చక్కగా తెలుస్తాయి. అన్నిటికంటే పైన ఉండే గ్రాండ్ సర్కిల్ చవకే గానీ బాగా నిటారుగా ఉంటుంది, మెట్లూ ఎక్కువే. ఎత్తంటే భయపడేవాళ్లూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ దాని జోలికి పోకపోవడం మంచిది. ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ (వేదిక పూర్తిగా కనిపించదు) అని రాసి ఉన్న టికెట్ ఎంత తక్కువకు వచ్చినా ఈ నాటకానికి మాత్రం వద్దు.

ధరలు రోజును బట్టి మారుతుంటాయి. బడి సెలవులు, శనివారాలు ఖరీదు. మామూలు వారం మధ్యలో వచ్చే మధ్యాహ్నం ఆటకు మంచి సీట్లు తేలిగ్గా దొరుకుతాయి. మధ్యవర్తి సైట్ల జోలికి పోకుండా నాటకం సొంత సైట్లోనో, థియేటర్ దగ్గరో కొనుక్కోండి.

దీనికి మూలమైన డిస్నీ కార్టూన్ సినిమా 1994లో వచ్చింది. నాటకం 1997 జులైలో అమెరికాలోని మినియాపొలిస్‌లో మొదలై, అదే ఏడు నవంబరులో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే చేరింది. లండన్ లైసియమ్ థియేటర్‌లో 1999 అక్టోబరు నుంచి ఆడుతోంది. దర్శకురాలు జూలీ టేమోర్ యువతిగా ఉన్నప్పుడు ఇండోనేషియాలో కొన్నేళ్లు ఉండి బొమ్మలాటలూ, ముఖం తొడుగుల నాటకాలూ దగ్గరగా చూసింది. ఆ చదువంతా ఇందులో కనిపిస్తుంది. సంగీత నాటక దర్శకత్వానికి అమెరికా నాటకరంగపు టోనీ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆవిడే, అది 1998లో. మన తోలుబొమ్మలాటలో బొమ్మ ఆడించే మనిషి తెర వెనకే ఉండిపోతాడు. ఇక్కడ ఆ మనిషిని తెర ముందుకు తీసుకొచ్చి, బొమ్మనూ మనిషినీ ఒకేసారి చూడమంటారు. ఈ ఆట బలమంతా అక్కడే ఉంది. సినిమాను ఉన్నదున్నట్టు వేదికకెక్కించి ఉంటే ఇన్నేళ్లు నిలిచేది కాదనే నా నమ్మకం.

థియేటర్ వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో, స్ట్రాండ్ రోడ్డుకు ఆనుకుని ఉంది. పటంలో చూస్తే కోవెంట్ గార్డెన్ స్టేషన్ దగ్గర. కానీ ఆ స్టేషన్లో పైకి రావడానికి లిఫ్టులే దిక్కు, లేదంటే 193 మెట్ల చుట్టు మెట్లదారి. లిఫ్టు దగ్గర జనం పేరుకుంటే అక్కడే చాలాసేపు ఆగిపోతారు. టెంపుల్ స్టేషన్లో దిగినా, చారింగ్ క్రాస్‌లో దిగి స్ట్రాండ్ వెంట నడిచినా నయం. వాటర్లూ వైపు నుంచి వచ్చేవాళ్లకు వంతెన దాటితే వెల్లింగ్టన్ స్ట్రీటే ఎదురవుతుంది. ఎటు నుంచి వచ్చినా ఆట మొదలవడానికి అరగంట ముందే తలుపు దగ్గర ఉండాలి. సంచులు వెతికి గానీ లోపలికి పంపరు. పెద్ద సూట్‌కేసులుంటే హోటల్లోనో, స్టేషన్లో సామాను దాచే చోటో వదిలి రండి.

ముందే రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి పాటలో జంతువులు నడిచేది జనం నడిచే దారిలోనే. అందుకని ఆలస్యమైనవాళ్లను ఆ పాట అయ్యేదాకా బయటే ఆపేస్తారు. ఈ నాటకంలో మొదటి పాట పోయిందంటే సగం నాటకం పోయినట్టే.

లోపల రెండు వేల పైచిలుకు సీట్లు. ఎరుపూ బంగారు రంగూ నిండిన హాలు. ముందరి స్తంభాల వాకిలి 1834 నాటిది, లోపలి కట్టడం 1904లో తిరిగి కట్టింది. ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్ ఒకప్పుడు ఈ థియేటర్ వ్యవహారాలు చూసిన మేనేజరు. వేదికకు రెండు వైపులా పక్క బాక్సుల్లో తాళవాద్యాలు పేర్చి ఉంటాయి. ఆట మొదలవకముందే వాటిని ఓసారి చూసి పెట్టుకుంటే తర్వాత చప్పుడు ఎటునుంచి వస్తోందని వెతుక్కునే పని ఉండదు.

దీపాలు ఆరగానే రఫికి ఒక్కతే నిలబడి దక్షిణాఫ్రికా జులు భాషలో గొంతెత్తి పిలుస్తుంది. సినిమాలో రఫికి మగ కోతి. కథలో గట్టి ఆడ పాత్ర లేదని టేమోర్ దాన్ని స్త్రీ పాత్రగా మార్చింది. ఆ పిలుపుకు బదులు హాల్లో పై నుంచి, పక్కల నుంచి వస్తుంది. పట్టు చీలికలతో చేసిన సూర్యుడు మెల్లగా పైకి లేస్తాడు. ఈలోగా మీ వెనక తలుపులు తెరుచుకుంటాయి. అప్పుడు తల తిప్పి చూడాలి. చాలామంది వేదికనే చూస్తూ కూర్చుని, ఏనుగు తమ వరుస దాటాక గానీ గమనించరు.

ఆ ఏనుగు పొడవు 13 అడుగులు, వెడల్పు 9 అడుగులు. నలుగురు లోపల ఉండి, కాలుకొకరు చొప్పున నడిపిస్తారు. తలుపుల్లో పట్టడానికి అవసరమైతే 34 అంగుళాల వెడల్పుకు ముడుచుకునేలా చేశారు. పక్కనుంచి పోతున్నప్పుడు లోపలి మనుషుల కాళ్లు తెలుస్తాయి. నలుగురూ ఒకే లయలో బరువుగా, తొందర లేకుండా అడుగేస్తుంటే ఏనుగు నడక దానంతటదే వచ్చేస్తుంది. జిరాఫీలు 14 అడుగులు. ఒక్కో మనిషి కాళ్లకూ చేతులకూ పొడవాటి కర్ర కాళ్లు కట్టుకుని నాలుగు కాళ్ల మీద వంగి నడుస్తాడు. వాటిలోకి ఎక్కడానికి 6 అడుగుల నిచ్చెన కావాలి. జిరాఫీ దాటుతున్నప్పుడు మెడ వదిలేసి చేతులకు కట్టిన కర్ర కాళ్లను చూడండి. ముందరి కాలు నేల తాకే ముందు ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది. బరువు ఎటు వేయాలో ఆ మనిషి తేల్చుకునేది అప్పుడే.

తొడుగులు మొహాన్ని కప్పవు, తల పైన ఉంటాయి. సింహాల రాజు ముఫాసా, అతని తమ్ముడు స్కార్‌ల తొడుగులు మాత్రం కదులుతాయి. నటుడు ముందుకు వంగి కోపగించినప్పుడు సింహం మొహం కిందికి దిగి ఆయన మొహం ముందుకొస్తుంది, నిటారుగా నిలబడితే పైకి పోతుంది. చూడ్డానికి కొయ్యతో చెక్కినట్టుంటాయి గానీ చేసింది కార్బన్ గ్రాఫైటుతో. ముఫాసాది 11 ఔన్సులు, అంటే 300 గ్రాముల పైచిలుకు. స్కార్‌ది 7 ఔన్సులు, ముఫాసా భార్య సరాబిది 4 మాత్రమే. ఇంత తేలిగ్గా ఉంటేనే నటులకు తల విదిలించడం, పాడడం సులువు. పుంబా సంగతి వేరు. ఆ అడవిపంది వేషం 45 పౌండ్లు, అంటే దాదాపు 20 కిలోలు, వీపుసంచిలా తగిలించుకుని మోయాలి. స్కార్ చేతికర్ర చివర 5 అంగుళాల ఎలుక ఒకటి ఆడుతుంది. గ్రాండ్ సర్కిల్ నుంచి అది కనిపించదు.

దున్నల్లా కనిపించే ఆఫ్రికా జంతువులు వైల్డ్‌బీస్టుల తొక్కిసలాట ఎలా చేశారో తెలిసి చూసినా ఒళ్లు జలదరిస్తుంది. వెనక దొర్లే స్తంభాల మీద చిన్న చిన్న వైల్డ్‌బీస్టులు కిందికి దొర్లుకుంటూ వస్తాయి, వాటి ముందున్న వరుసలో ఇంకాస్త పెద్దవి, అన్నిటికంటే ముందు తొడుగులు పట్టుకుని నృత్యకారులు. చిన్నవి దూరంగా, పెద్దవి దగ్గరగా ఉన్నట్టు కన్ను నమ్ముతుంది. హాలు మధ్యలో కూర్చున్నవాళ్లకే ఈ లెక్క పూర్తిగా కుదురుతుంది. బాగా పక్కకు పోతే వరుసల మధ్య ఖాళీ కనిపించి లోతు పోతుంది. ఆ తర్వాత చనిపోయిన ముఫాసా కోసం సింహిణులు కళ్లలోంచి తెల్లటి పట్టీలు లాగుతారు, అవే కన్నీళ్లు. కరువు వచ్చినప్పుడు గుండ్రటి నీలం పట్టు గుడ్డ నేలలోని రంధ్రంలోకి జారిపోతుంది, అదే ఎండిపోయే చెరువు. గుడ్డ ముక్కతో అంత దుఃఖం తెప్పించడం ఎందరికి చేతనవుతుంది!

విరామంతో కలిపి ఆట రెండున్నర గంటలు. విరామంలో ఆడవాళ్ల టాయిలెట్ల దగ్గర వరుస పెద్దది, దీపాలు వెలగ్గానే లేవండి. రెండో భాగం కూడా సీట్ల మధ్య దారుల్లోంచే, గాయకులు రంగురంగుల పక్షులు తిప్పుతూ మొదలవుతుంది. గంట మోగేసరికి సీట్లో ఉండాలి. ఈ భాగంలో ఎడారైన ఊరు వదిలి వెళ్తూ నాలా అనే సింహిణి పాడే పాట సినిమాలో లేదు. దక్షిణాఫ్రికా సంగీతకారుడు లెబో ఎమ్ కూర్చిన బృందగానం దాని వెనక నిలబడుతుంది. నా మటుకు నాటకం మొత్తానికి అదే ఉత్తమమైన పాట. ఫోన్లో తీయాలనిపిస్తుంది గానీ ఆట జరుగుతుండగా ఫొటోలకూ, వీడియోలకూ అనుమతి లేదు.

మూడేళ్లలోపు పిల్లలను రానివ్వరు. ఆరేళ్ల నుంచి బాగుంటుందని వాళ్లే చెబుతారు, అది సరైన సలహా. హైనాలు, ఏనుగుల శ్మశానం చిన్నవాళ్లను భయపెడతాయి, తొక్కిసలాటలో చప్పుడు కూడా చాలా ఎక్కువ. పొట్టి పిల్లలకు ఎత్తు దిండు కావాలంటే లోపలికి వెళ్లగానే సిబ్బందిని అడగండి. ముఫాసా కొడుకు సింబా చిన్నప్పటి వేషం వేసే పిల్లలను వంతులవారీగా మారుస్తుంటారు. బ్రిటన్‌లో పిల్లలతో పని చేయించే గంటలకు చట్టం పరిమితి పెట్టింది, అందుకే.

ఆట అయ్యాక జనంతో పాటు కోవెంట్ గార్డెన్ వైపు పోకుండా స్ట్రాండ్ మీదికి దిగండి. రాత్రి ఆట పది ప్రాంతంలో వదులుతుంది. పిల్లలు నడవగలిగితే వంతెన మీదుగా వాటర్లూ స్టేషన్ పావుగంట దారి, రైళ్లూ బస్సులూ రెండూ అక్కడే దొరుకుతాయి.