మేకు లేని చట్రం

మన బడి బ్యాచి కలయికకి వేసే సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "రెండు పేజీలు రాసి పంపరా, నువ్వు రాయకపోతే ఊరుకోం" అన్నారు. సరేనని కూర్చున్నాను. ఆరో తరగతి గుర్తుకొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఏడూ రాలేదు. ఎనిమిదిలో అరటితొక్క సంగతి మన పొడుగాయన ఎలాగూ రాస్తాడు, అది ఆయనకే వదిలేశాను. నా మనసు మాత్రం తొమ్మిదో తరగతి దసరా సెలవుల దగ్గరే ఆగిపోయింది. డ్రాయింగు గది, కుంపటి, సరేసు జిగురు వాసన.

ఆ ఏడు మన విజయనగరం పైడితల్లి జాతరలో పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను బొమ్మ వేసి బడి వరండాలో కట్టాలని డ్రాయింగు మేష్టారికి పట్టుదల. దసరా వెళ్లిన మంగళవారం కోట వైపు వచ్చే జనమంతా చూడాలి. బొమ్మ వేసేది మూడో బెంచి, అదే, మూడో బెంచిలో కూర్చునే మన అమ్మాయి. గుడ్డ బిగించే చట్రం నాది. మా నాన్న వడ్రంగి కనక ఆ పని నాకొచ్చింది. 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు. మూలమట్టం పెట్టి చూశాక కూడా మేష్టారు నమ్మలేదు. పురికొస తెచ్చి మూల నుంచి మూలకి పట్టించారు. ఇటు 7 అడుగుల రెండున్నర అంగుళాలు, అటూ అంతే. అప్పటికి గానీ నవ్వలేదు.

చెక్క లోపలి అంచుని చిత్రికతో వాలుగా తీయించారు. అలా తీయకపోతే గుడ్డ అంచుకి ఆనుకుని, బొమ్మ మీద గీతలాగ తేలుతుంది. మేకులు వద్దన్నారు. మనం తెచ్చినవి సన్నటి రీపర్లు, మేకు దిగితే చీలిపోతాయి. పైగా మన గాలికి మేకు తుప్పు పడుతుంది, తుప్పు గుడ్డని తినేస్తుంది. అందుకని జిగురే.

సరేసు పలకల్ని రాత్రే నీళ్లలో నానేశాం. పొద్దున్నకి ఉబ్బి మెత్తబడ్డాయి. గిన్నెలో గిన్నె పెట్టి, అడుగు గిన్నెలో నీళ్లు పోసి కాచాం. సరేసు మరిగిందా, పట్టు పోతుంది. అది తోలూ ఎముకా ఉడికిస్తే వచ్చేదని తెలిసి పంతులుగారబ్బాయి గది బయటే నిలబడ్డాడు. అయినా మూడు రోజులూ కుంపటికి విసిరింది వాడే.

ముతక గాడా గుడ్డ పరిచి, ఒక పొడుగు పక్క జిగురు పూసి, మధ్య నుంచి మూలలకి నొక్కుకుంటూ వెళ్లాలి. "ఈ పక్క ఆరనీరా. ఆరినాకే ఆ పక్క లాగు. తడి మీద లాగితే గుడ్డ జారిపోద్ది" అని మేష్టారు ఎన్నిసార్లు చెప్పారో. నేను ఆగలేదు. సాయంత్రం బొంకులదిబ్బ దగ్గర ఆట ఉంది. జిగురు ముట్టుకుంటే అంటలేదు కదా అని నాలుగో పక్క కూడా లాగేసి వెళ్లిపోయాను.

పైన పలచటి సరేసు పూత వేస్తే గుడ్డ బిగిసి తప్పెటలాగ మోగింది. సుద్ద, జింకు వైట్ కలిపి పూశాం. మూడో బెంచి బొమ్మ వేసింది. ఆ మాను, ఆ పూజారి, కింద ఆ తలలు! ఈ రోజుకీ నాకు కళ్లకి కట్టినట్టుంది. ఆదివారం వాన మొదలైంది. చెమ్మకి సరేసు మెత్తబడింది. సోమవారం చూసేసరికి గుడ్డకి పొట్టొచ్చింది, కింద ఎడం మూల ఊడి వేలాడుతోంది. నేను తొందరపడి లాగిన మూలే అది. మూడో బెంచి ఏడ్చింది. ఎవరి తప్పో నేను చెప్పలేదు. మేష్టారికి తెలుసు, ఆయనా చెప్పలేదు.

"పద, ఏటైంది ఇప్పుడు? మూలే కదా" అన్నారంతే. మూడు లాంతర్ల దగ్గర తన డబ్బుతో ఫెవికాల్ డబ్బా కొన్నారు. ఇంటి నుంచి అమ్మగారి బట్టల క్లిప్పులన్నీ తెచ్చారు. పాత సరేసుని వేడినీళ్ల గుడ్డతో తడిపి, గోకి తీశాం. కింది పక్క అంటించి క్లిప్పులు పెట్టాక ఆయన బెంచీ మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. అర్ధరాత్రి దాటాక పక్కవైపు. తెల్లారేదాకా ఇద్దరం ఆ జిగురు ఆరడం చూస్తూ కూర్చున్నాం. చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి బొమ్మల గురించి ఆ రాత్రే మొదటిసారి విన్నాను. మంగళవారం బొమ్మ వరండాలో ఉంది. మిగతాది మీకు తెలుసు.

పదో తరగతి గురించి ఏమీ రాయలేను, నిజంగా గుర్తులేదు.

ఇప్పుడు విశాఖలో నాకు ఫ్రేముల షాపుంది. ఆరుగురు పనివాళ్లు. కేన్వాసు చట్రాలు ఒడిశా దాకా వెళ్తాయి. అందరూ స్టేపుల్ గన్ వాడతారు, మేమూ వాడతాం. కానీ అంచు కూడా కనిపించేలా గోడకి కట్టే బొమ్మకి, సన్న చెక్కకి జిగురే పెడతాను. బరోడాలో చిత్రకళ చదివిన మా అమ్మాయి, "నాన్నా, రేపు గుడ్డ విప్పాల్సి వస్తే?" అని అడిగింది. మంచి ప్రశ్న. సరేసు వేడి తడికి వదులుతుంది, ఫెవికాల్ అంత తేలిగ్గా వదలదు. అందుకే పాత బొమ్మలు బాగుకొస్తే వాటికి ఫెవికాల్ తాకనివ్వను. కొత్త కుర్రాడు చేరితే మొదటి వారం వాడికి ఒక పక్కే ఇస్తాను. రెండో పక్క మర్నాడు.

కలయికకి 3 అడుగులు, 2 అడుగుల కేన్వాసు ఒకటి తెస్తున్నాను. లినెన్ గుడ్డ, టేకు చట్రం, నాలుగు రోజుల్లో నాలుగు పక్కలు అంటించాను. వెనక్కి తిప్పి చూడండి, ఎక్కడా మేకుండదు. కింద ఎడం మూల ముందు చూడండి. మూడో బెంచీ, రంగులు నువ్వు తెచ్చుకో.