అయిదు మీటర్లు వెళ్లడానికి తొమ్మిది రోజులు: మా రబ్బరు బ్యాండు కారు

బుధవారం సాయంత్రం బడి నుంచి వస్తూనే, భుజం మీద సంచి కూడా దించకుండా, "అమ్మా, సోమవారం బడిలో పోటీకి కారు కావాలి" అంది మా ఆరో తరగతి పిల్ల. శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతం ముందు వారం. నా కుట్టు మిషన్ పక్కన జాకెట్టు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి, తలెత్తి సమాధానం చెప్పే తీరిక కూడా లేదు. "మీ నాన్నని అడుగు" అన్నాను. వాళ్ల నాన్న రొయ్యల చెరువు దగ్గర్నుంచి రాత్రి పదింటికి గానీ రారు, వచ్చినా ఏరేటర్ల గొడవ తప్ప ఇంకోటి మాట్లాడరు. అంటే ఆ కారు నా నెత్తిన పడ్డట్టే.

బడిలో చెప్పిన షరతులు ఇవీ. మోటారు, బ్యాటరీ ఉండకూడదు, కొట్లో దొరికే కిట్టు అసలే కుదరదు. ఇంట్లో ఉన్న వాటితో చెయ్యాలి, రబ్బరు బ్యాండు బలంతోనే నడవాలి, వరండాలో గీసిన గీత దగ్గర్నుంచి అయిదు మీటర్లు పోవాలి. యూట్యూబ్‌లో వీడియో చూస్తే నాలుగు నిమిషాల్లో చేసి పారేశాడు ఒకాయన. ఓస్ ఇంతేనా అనుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి రాత్రి ఏం చేశానో చెబుతాను, ఎందుకంటే చెయ్యగలిగిన తప్పులన్నీ ఆ ఒక్క రాత్రే చేశాను. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిన అట్టడబ్బా కారు ఒళ్లు. ఇరుసులకి కొబ్బరి చీపురులోంచి లాగిన రెండు ఈనెలు. చక్రాలకి పాత సీడీలు నాలుగు. అందులో రెండు మా పెళ్లి వీడియోవి, పార్ట్ వన్, పార్ట్ టూ. ప్లేయరు పాడై పదేళ్లయింది, ఎలాగూ ఎవరూ చూడటం లేదు కదా అని. రబ్బరు బ్యాండుల కరువు లేదు, కర్రీ పాయింటు నుంచి వచ్చిన ప్రతి సాంబారు ప్యాకెట్టు మూతికి ఉన్నదాన్ని మా అత్తయ్యగారు తలుపు గడియకి తగిలించి దాస్తారు.

పద్ధతి తేలికే. బ్యాండు ఒక కొస కారు ముందు భాగానికి కట్టాలి, రెండో కొస వెనక ఇరుసుకి తగిలించాలి, ఇరుసుని తిప్పుతుంటే బ్యాండు సాగి దానికి చుట్టుకుంటుంది, వదిలేస్తే ముడుచుకుంటూ ఇరుసుని తిప్పుతుంది, ఇరుసుతో చక్రాలు తిరుగుతాయి. నేను వదిలాను. అట్టడబ్బా విల్లులా వంగింది, ఈనె అంతకంటే వంగింది, సీడీలు రెండూ నమస్కారం పెట్టినట్టు ఒకదాని వైపు ఒకటి వాలాయి. కారు కదల్లేదు.

అరుగు మీద కూర్చుని చూస్తున్న మా మామయ్యగారు, "ఇరుసే వంగిపోయిందమ్మాయ్, ఇంక ఎద్దులేం లాగుతాయి" అన్నారు. గోదావరి జిల్లా మనిషి కదా, వెటకారం లేకుండా సలహా రాదు. కానీ సలహా మాత్రం నిజం. పైగా ఈనె మొదట్లో లావు, చివర్న సన్నం, రెండు చక్రాలూ ఒకలా కూర్చోమంటే ఎలా కూర్చుంటాయి?

మర్నాడు సైకిల్ షాపు బాబాయ్ ఒక పాత స్పోకు ఊరికే ఇచ్చాడు, కొలత చెబితే రెండు ముక్కలు కోసి కూడా ఇచ్చాడు. స్పోకు రెండు మిల్లీమీటర్ల లావు, ఇనుపది, వంగే ప్రసక్తి లేదు. పాత బాల్‌పెన్ను గొట్టాలు ముక్కలుగా కోసి కారు కింద అంటించి వాటిలో దూర్చాను. ఒక దాంట్లోకి బంక కారి ఇరుసు బిగుసుకుపోయింది. అప్పట్నుంచి ముందు గొట్టం అంటించడం, ఆరాక ఇరుసు దూర్చడం అని నేర్చుకున్నాను. ముసురు రోజులేమో, బంక ఆరడానికే ఒక పూట పట్టేది. అట్టడబ్బా కూడా చెమ్మకి మెత్తబడిపోయింది. ఫ్యాను వచ్చిన పెట్టె అట్ట రెండు ముక్కలు కోసి, ఒకదాని గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా పెట్టి అంటిస్తే చెక్కలా గట్టిగా వచ్చింది. జాకెట్టు మెడకి కాన్వాసు వేసేటప్పుడు మేం చేసేదీ అలాంటిదే.

సీడీ మధ్య బెజ్జం 15 మిల్లీమీటర్లు, స్పోకు రెండు. మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి నీళ్ల సీసా మూతలు అంటించి, మూతకి నడిమధ్య బెజ్జం పెట్టాలి. ఈ నడిమధ్య అనేదే మూడు సీడీల్ని తప్పుగా అంటించేలా చేసింది, చక్రం తిరుగుతుంటే కుంటి మేకలా ఎగిరేది. చివరికి నా పనే నన్ను కాపాడింది. మూతంత గుండ్రటి కాగితం కోసి, సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి విప్పితే గీతలు కలిసిన చోటే మధ్య. గొడుగు కట్ లంగాకి నడుము తీసేది అలాగే. ఆ చుక్క మీద సూది కాల్చి గుచ్చాను. స్పోకు నున్నగా ఉంటుంది కాబట్టి మూతలో జారిపోయి ఇరుసు ఒకటే తిరుగుతుంది, చక్రం ఊరుకుంటుంది. అందుకని కొసలు రెండూ కటింగ్ ప్లేయరుతో వంచి మూతకి దారంతో కట్టేశాను.

ఇంతా చేసి శనివారం నేల మీద పెట్టి వదిలితే, కదిలీ కదలనట్టు జానెడు జరిగి ఆగింది.

ఇక్కడ ఇంట్లో అందరూ ఇచ్చిన సలహా ఒకటే, ఇంకో బ్యాండు వెయ్యి. వేశాను. మూడోది కూడా వేశాను. అప్పుడు చక్రాలు గిర్రున తిరిగాయి గానీ కారు ఉన్నచోటే ఉంది, టైల్స్ మీద సీడీ అంచు జారిపోతోంది. మా పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. నాకు తలనొప్పి. రెండు జాకెట్లు సోమవారానికి ఒప్పుకున్నవి అలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఫోన్లన్నీ మోగాయి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, అంటే బ్యారేజీ నుంచి కిందికి పోయే నీళ్లు 13 లక్షల క్యూసెక్కులు దాటాయి. లంక ఊళ్లకి దారులు మునిగాయి, బడికి సెలవులు, పోటీ శుక్రవారానికి వాయిదా. వరదొచ్చిందని సంతోషించకూడదు, ఆ లంకల్లో మా ఆడపడుచు ఇల్లు కూడా ఉంది, ఫోన్ చేసి క్షేమం కనుక్కున్నాకే మళ్లీ కారు జోలికి వెళ్లాను. కానీ నాలుగు రోజులు కలిసొచ్చాయన్నది నిజం.

అసలు సంగతి బాబిన్‌కి దారం చుట్టుకుంటుంటే తట్టింది. ఖాళీ బాబిన్‌కి మూరెడు దారం చుట్టాలంటే చాలా తిప్పులు తిరగాలి, నిండుగా ఉన్నదానికైతే నాలుగు తిప్పులు తిరిగితే చాలు. మా స్పోకు ఖాళీ బాబిన్ లాంటిది. టేపు పెట్టి లెక్కేశాను. స్పోకు చుట్టుకొలత ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. బ్యాండు 12 సెంటీమీటర్లు సాగితే సుమారు 19 చుట్లు. సీడీ ఒక చుట్టు తిరిగితే 38 సెంటీమీటర్లు. అంటే కాగితం మీద ఏడు మీటర్లు! కానీ అంత సన్నటి ఇరుసు మీద లాగితే చక్రం అంచుకి వచ్చే బలం అరవయ్యో వంతు, ఎందుకంటే సీడీ 120 మిల్లీమీటర్లు, స్పోకు రెండు. ఆ కాస్త బలం గొట్టాల్లో రాపిడికే సరిపోతోంది. దూరం కావాలంటే సన్నగా ఉండాలి, కదలాలంటే లావుగా ఉండాలి, రెండిటి మధ్య ఎక్కడో పట్టుకోవాలి. బ్యాండ్లు పెంచడం కాదు, ఇరుసుని ఒళ్లు చేయించాలి.

దానికి నా దగ్గర లేనిదేముంది, దారమే కదా. ఇరుసు మధ్యలో బొటనవేలు వెడల్పున దారం ఒత్తుగా చుట్టి, బంక రాసి, మళ్లీ చుట్టాను. మొదట పెన్సిలంత లావు చేశాను. కారు చప్పున దూకింది, చక్రాలు కాస్త జారాయి, మీటరున్నర పోయి ఆగింది. కొంత దారం విప్పాను. రెండు మీటర్లు. మళ్లీ విప్పాను. ఇలా విప్పడం, వదలడం, టేపుతో కొలవడం, గోడ మీద చాక్‌పీసుతో రాయడం. మిషన్ పని చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు, జాకెట్టు బిగుతు చూసి కుట్టు విప్పడం రోజూ ఉండేదే. అయిదు మిల్లీమీటర్ల దగ్గర బాగా కుదిరింది. బ్యాండు ఏడెనిమిది చుట్లే పడుతుంది, లాగేది మూడు మీటర్ల లోపే, ఆ తర్వాత వచ్చిన ఊపుతో కారు తనంతట తను పోవాలి.

అక్కడే ఇంకో చిక్కు. బ్యాండు కొస ఇరుసుకి ముడేస్తే, విప్పుకోవడం అయిపోగానే అదే మళ్లీ ఎదురు చుట్టుకుని బ్రేకు వేసేస్తుంది. ముడి తీసేసి, గుండుసూది తల తుంచి, వంచిన ముక్కని దారం చుట్ల మధ్య కొక్కెంలా బిగించాను. బ్యాండు దానికి ఊరికే తగులుతుంది, అయిపోగానే జారిపోతుంది, ఇరుసు స్వేచ్ఛగా తిరుగుతుంది. ఈ ఒక్క పనితోనే మీటరు పెరిగింది. రెండు బ్యాండ్లు పక్కపక్కన కాకుండా ఒకదానికొకటి గొలుసులా వేస్తే ఇంకాస్త, ఎందుకంటే లాగుడు గట్టిపడదు, పొడుగు పెరుగుతుంది. చక్రాలు జారకుండా పుట్టినరోజు బెలూను నడుము కోసి సీడీ అంచులకి తొడిగాం. టైరు వేసినట్టే ఉంది.

రాపిడికి నేను కొబ్బరి నూనె వేస్తే దుమ్ము పట్టి జిడ్డయింది. మామయ్యగారు "మా రోజుల్లో కందెన వేసేవాళ్లం" అని మొదలుపెట్టి, గడ్డి కాల్చిన మసి, ఆముదం, ఎడ్లబండి ఇరుసు, అక్కణ్నుంచి వేసవిలో ముంజలు తిన్నాక ఖాళీ తాటికాయ బుర్రలకి కర్ర గుచ్చి తోసిన బండి దాకా వెళ్లిపోయారు. ఈ కారుకి ఆముదం మరీ చిక్కన. పెన్సిలు ములుకు గీకిన పొడి గొట్టాల్లో ఊదాం, అది పనిచేసింది.

ఎడమకి లాగుడొకటి మిగిలింది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం రెండు పక్కలా కొలిస్తే మూడు మిల్లీమీటర్ల తేడా. భుజాలు ఎగుడుదిగుడుగా కుట్టిన జాకెట్టు ఎవరైనా నాకు చూపిస్తే ఎంత మాటంటానో, అది నేనే చేశాను. గొట్టం ఊడదీసి మళ్లీ అంటించాను.

కారుతో పాటు చార్టు కూడా పెట్టాలన్నారు కాబట్టి గురువారం రాత్రి దాని మీద కూర్చున్నాం. రబ్బరు బ్యాండుకి లండన్‌లో స్టీఫెన్ పెర్రీ అనే ఆయన 1845 మార్చి 17న పేటెంట్ తీసుకున్నాడని మా పిల్ల రాసింది. ఇంకోటి నాకు తెగ నచ్చింది. బ్యాండుని గబుక్కున సాగదీసి వెంటనే పెదవికి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది, కాసేపు సాగదీసి ఉంచి వదిలితే చల్లగా తగులుతుంది. ఈ సంగతి 1805లోనే రాసిన జాన్ గఫ్ చూపు లేని మనిషి, ఇంగ్లండాయన, పెదవితోనే కనిపెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో మామయ్యగారితో సహా అందరం మూతులకి బ్యాండ్లు ఆనించుకుని కూర్చున్నాం. చెరువు నుంచి వచ్చిన ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమైందండీ మీ అందరికీ" అన్నారు.

శుక్రవారం వరండా నిండా జనం. మా పిల్ల టెన్షన్‌లో ఇరుసుని ఎదురు తిప్పింది. వదలగానే కారు వెనక్కి దూసుకుపోయి మాస్టారి చెప్పుకి తగిలింది. అందరూ నవ్వారు, నేను స్తంభం చాటుకి జరిగాను. మనిషికి మూడు అవకాశాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. రెండోసారి నాలుగు మీటర్ల ముప్పై. మూడోసారి అది చాలా నెమ్మదిగా, నేను లోపల లోపల తోస్తుంటే, అయిదు మీటర్లూ దాటి అయిదు మీటర్ల ఇరవై దగ్గర ఆగింది. మొదటి బహుమతి మాది కాదు. ఒక పిల్లాడి కారు ఎనిమిది మీటర్లు పోయింది. వెళ్లి వంగి చూశాను, వాడి ఇరుసు మాదానికంటే సన్నం, కానీ కారు మొత్తం థర్మకోల్, అరచేతిలో పెడితే బరువే తెలియలేదు. అట్ట రెండు పొరలు వేసి గట్టిగా ఉందని మురిసిపోయానే గానీ తూకం సంగతి నాకు తట్టనే లేదు.

ఆదివారం ఫ్యాను అట్ట తీసేసి, ఆయన రొయ్యల ఐస్ బాక్సు విరిగిన మూతలోంచి ఒక ముక్క కోశాను. కొత్త ఒళ్లు మీదికి చక్రాలు మారుస్తుంటే ఆయన సీడీ మీద రాసింది చదివి, "పార్ట్ టూ అంటే భోజనాలవి కదూ" అన్నారు. అవునన్నాను. "పోన్లే, వెనక చక్రానికే వెయ్యి" అన్నారు. ఆరు మీటర్ల నలభై పోయింది, గుమ్మం అడ్డొచ్చింది గానీ.