ఉప్పుగాలికి బిగిసిపోయిన కార్బురేటర్ స్క్రూలు: నా అనుభవం

విశాఖ పెదవాల్తేరులో మా మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న నాన్నగారి యమహా ఆర్ఎక్స్ 100 బైకు మళ్లీ రోడ్డెక్కాలంటే ముందు కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) కడగాలి. కడగాలంటే అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పాలి. దాని స్క్రూలేమో ఇంచు కూడా కదలనన్నాయి.

సముద్రం దగ్గర ఉండేవాళ్లకి తుప్పు కొత్త కాదు, కిటికీ ఊచలు మొదలు గ్యాస్ స్టవ్ దాకా అన్నీ దానికే బలి. కార్బురేటర్ కథ కాస్త వేరు. బాడీ మెత్తటి మిశ్రమ లోహం, స్క్రూ స్టీలు. రెండింటి మధ్యకి ఉప్పు తేమ చేరితే మెత్తటి లోహమే ముందు దెబ్బతింటుంది. అప్పుడు పుట్టే తెల్లటి పొడి మరల్లో కూరుకుపోయి స్క్రూని పట్టేస్తుంది. మా బండికి స్క్రూ తలల చుట్టూ సున్నం పూసినట్టే ఉంది.

పెట్రోల్ పైపు పీకేసి, కార్బురేటర్‌ని ఇంజిన్ నుంచి వేరు చేసి, లోపల మిగిలిన పాత పెట్రోల్ డాబా మీద ఆరుబయట ఒంపేశాను. అబ్బ, ఆ కంపు! వార్నిష్ డబ్బా మూత తీసినట్టే. స్క్రూల చుట్టూ పట్టేసిన స్క్రూలు వదులుచేసే డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను.

పొద్దున్నే పక్కింటి పెద్దాయన వచ్చారు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నా చేతిలో స్టార్ డ్రైవర్ చూసి, "బలం కాదు బాబూ, ముందు మొన సరిగ్గా కూర్చుందో లేదో చూడు" అన్నారు. ఆయన చూపించాకే స్క్రూ తల మీద చిన్న చుక్క కనిపించింది. అది జపాన్ ప్రమాణం స్క్రూ అనడానికి గుర్తు, జేఐఎస్ అంటారు. చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలాగే ఉంటుంది. కానీ మన మామూలు స్టార్ డ్రైవర్ (ఫిలిప్స్) మొన అందులో ముందే అడుగుకి తగిలేస్తుంది, పక్క గోడల్ని పూర్తిగా పట్టుకోదు. గట్టిగా తిప్పితే జారి పైకి లేస్తుంది, స్క్రూ తల అరిగిపోతుంది. పాత జపనీస్ డిజైన్ బండ్ల మీద స్క్రూ తలలు ఎందుకంత పాడైపోయి ఉంటాయో అప్పుడర్థమైంది.

జేఐఎస్ డ్రైవర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వచ్చేదాకా ఆగే ఓపిక లేక, ఆయన పాత స్టార్ డ్రైవర్ మొనని ఆకురాయితో కొద్దిగా అరగదీసి ఇచ్చారు. పెడితే కదలకుండా కూర్చుంది. కార్బురేటర్‌ని చెక్క ముక్క మీద పెట్టి, డ్రైవర్ పిడి మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేశాను. తర్వాత విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు వెనక్కి తిప్పాను. 'టక్'మంది. ఆ చప్పుడు వింటే ఎంత టెన్షనైనా దిగిపోతుంది.

ఒక్కటి మాత్రం లొంగలేదు. దాని తల ఇదివరకెప్పుడో ఏ మెకానిక్కో గుండ్రంగా చేసేశాడు. అలాంటిచోట మంట పెట్టడం పిచ్చిపని. లోపల పెట్రోల్ ఆవిరి మిగిలి ఉండొచ్చు, పైగా రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. కెటిల్‌లో వేడినీళ్లు కాచి ఆ మూల మీద మెల్లగా పోశాను. వేడికి స్టీలుకన్నా ఆ మిశ్రమ లోహం ఎక్కువ వ్యాకోచిస్తుంది, రంధ్రం పిసరంత వదులవుతుంది. వేడి ఆరకముందే వైస్ గ్రిప్ పటకారుతో స్క్రూ తలని పక్కల నుంచి పట్టి తిప్పితే కిర్రుమంటూ వచ్చేసింది. అదీ రాకపోతే ఆక్సా బ్లేడుతో తల మీద గాడి కోసి మైనస్ డ్రైవర్ పెట్టాలి. అప్పటికీ రాకపోతే డ్రిల్లింగే, ఆ పని మాత్రం లేత్ షాపువాళ్లకి వదిలెయ్యడం మేలు.

గిన్నె తెరిస్తే అడుగున గోధుమరంగు జిగురు, పైలట్ జెట్ (బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న ముక్క) పూర్తిగా మూసుకుపోయింది. జెట్లు ఇత్తడివి, సూది పెడితే రంధ్రం పెద్దదైపోతుంది. అందుకే కార్బ్ క్లీనర్ కొట్టి, సన్నటి నైలాన్ గాలం దారంతో పొడిచాను.

పాత స్క్రూలు డబ్బాలో పడేసి, అదే కొలతలో స్టెయిన్‌లెస్ ఆలెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేశాను. స్టెయిన్‌లెస్ వేసినా ఆ లోహాల గొడవ పోదు కాబట్టి మరలకి మళ్లీ పట్టెయ్యకుండా యాంటీ సీజ్ పేస్ట్ పల్చగా పూశాను. బిగించేటప్పుడు ఆలెన్ కీని పొట్టి వైపు పట్టుకుని రెండు వేళ్లతో తిప్పితే చాలు, మెత్తటి మరలు ఇట్టే పోతాయి. ఇక ట్యాంకు లోపలి తుప్పు సంగతి చూడాలి. అది కడగకుండా పెట్రోల్ పోస్తే ఈ జెట్లు మళ్లీ మూసుకుపోతాయి.