సదస్సు మరునాటి ఉదయం

మా విభాగంలో రెండు రోజులు జరిగిన సదస్సు నిన్న సాయంత్రం ముగిసింది. ఈ ఉదయం ఏడు గంటలకు భోజనశాల వెనుకకు వెళ్లేసరికి చెత్త సంచులు గోడ పొడవునా వరుసగా ఉన్నాయి. ఊడ్చే పిన్ని అప్పటికే ఒక సంచి విప్పి, ముందర గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఒడిశాలోని మా ఊరు బరంపురంలో చాలా వీధుల్లో లాగానే మా ప్రాంగణంలో కూడా ఒడియాతో పాటు తెలుగు వినిపిస్తుంది. ఆమె తోటివారితో ఒడియాలో, నాతో తెలుగులో మాట్లాడుతుంది.

నేను కూడా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నీళ్ల సీసాలు, కరపత్రాలు, అట్టపెట్టెలు, టీ కప్పులు అన్నీ మిగిలిపోయిన అన్నంలో, దాల్మాలో (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) నానిపోయి ఉన్నాయి. "దాల్మా తగిలిన అట్టను పాత సామాన్ల కొట్టువాడు తూకానికి తీసుకోడు బాబూ" అని పిన్ని ఆ అట్టలను పక్కకు నెట్టింది. విడిగా ఉంచితే అన్నం ఎరువయ్యేది, అట్ట అమ్ముడుపోయేది. కలిసిపోవడం వల్ల రెండూ చెడ్డాయి. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన సంస్థలు చెత్తను పుట్టిన చోటనే వేరుచేయాలని స్పష్టంగా చెప్పాయి. మేము కూడా ఆకుపచ్చ, నీలం డబ్బాలు కొన్నాం. కానీ వాటిని జనం భోంచేసిన చోట కాకుండా ప్రవేశద్వారం దగ్గర, ఫొటోల్లో కనబడేలా పెట్టాం. చేతిలో ఎంగిలి విస్తరి పట్టుకుని అంత దూరం ఎవరు నడుస్తారు? ఈ తప్పులో నాకూ భాగం ఉంది, ఎందుకంటే ఏర్పాట్ల సంఘంలో నేను కూడా ఉన్నాను.

నన్ను ఎక్కువగా బాధించినవి టీ కప్పులు. ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం కాబట్టి, కాగితం కప్పులు తెప్పించి మంచిపని చేశామనుకున్నాం. అయితే టీ కారిపోకుండా ఆ కప్పు లోపలివైపు పాలిథిన్ పూత వేస్తారు. అందువల్ల మామూలు కాగితంతో కలిపి దాన్ని తిరిగి వాడడం కష్టం. ఎరువుగుంటలో వేసినా పూర్తిగా కరగదు. నిరుడు గుంటలో పడిన కప్పులను ఈమధ్య పారతో తిరగేసినప్పుడు చూశాను. కాగితం మట్టిలో కలిసిపోయింది, లోపలి పొర మాత్రం ఉల్లిపొరలా చెక్కుచెదరకుండా ఉంది.

అదే గుంటలో అడ్డాకు విస్తళ్ల ఆనవాలు కూడా లేదు. ఒడియాలో సియాలి అనే ఈ ఆకు మాకు పశ్చిమాన ఉన్న కొండల్లో తీగకు పెరుగుతుంది. పుల్లలతో కుట్టిన విస్తరి ఎండుటాకుల మధ్య పడితే తొందరగా కుళ్లిపోతుంది. (అడుగున ప్లాస్టిక్ కాగితం అతికించి యంత్రంలో ఒత్తిన విస్తళ్లు కూడా అమ్ముతున్నారు. పైకి ఆకే కనిపిస్తుంది కనుక, తిరగేసి చూసి కొనాలి.) మధ్యాహ్నం పెద్ద బజారుకు వెళ్లి చేతికుట్టు విస్తళ్ల వెల కనుక్కుని వచ్చాను. వచ్చే సదస్సుకు అవే తెప్పించాలని, టీకి స్టీలు గ్లాసులు వాడాలని విభాగాధిపతికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

రాసే ముందు పిన్నికి ఈ సంగతి చెప్పాను. ఆమె ఒకే ప్రశ్న అడిగింది: "ఆ గ్లాసులన్నీ ఎవరు కడుగుతారు బాబూ?"

నేను ఆ విషయం ఆలోచించనే లేదు. కప్పు పారేయడం ఆపితే చెత్త తగ్గుతుంది. కానీ కడిగే పని ఎవరిదో ముందే తేల్చకపోతే, ఈ ఉదయం ఏరిన చేతుల మీదనే అది కూడా పడుతుంది. అందుకే ఉత్తరంలో మూడు మాటలు చేర్చాను. భోజనాల పందిరి పక్కనే కుళాయి, సబ్బు ఉండాలి, డబ్బాలు కూడా అక్కడే ఉండాలి, గ్లాసులు కడగడానికి విద్యార్థులు వంతులు వేసుకోవాలి. రాత్రి వసతిగృహంలో గది గదికీ తిరిగి వంతుల జాబితా మొదలుపెట్టాను. నాతో కలిపి ఏడుగురు ఒప్పుకున్నారు. పై అంతస్తు ఇంకా మిగిలి ఉంది, రేపు అటు వెళ్లాలి.